పాత పెట్టెల ఉండిపోయిన మన లెక్కలు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)

 

కంప్యూటర్ గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు ముందు వద్దనే అన్న. నేను ఇంజనీరును కాదు. ఇచ్చిన నూలు లెక్క, తెచ్చిన గుడ్డ లెక్క, కూలి లెక్క, పొదుపు లెక్క, వీటిల్లనే నా జీవితం గడిచింది. కానీ మూడేండ్ల కింద మా సంఘంల జరిగిన సంగతి మీ సంఘాలల్ల గూడ జరుగుతది. కొన్నిట్ల ఇప్పటికే జరిగి, బయటికి చెప్పుకోలేక కూసున్నరు. అందుకే ఒప్పుకున్న. ఇందుల నా తప్పు గూడ ఉన్నది, అది గూడ చెప్త.

మాది సోలాపూర్. మా సంఘం 1996ల ఒక కంప్యూటర్ కొన్నది. అప్పుడు తెర నల్లగ, అక్షరాలు తెల్లగ ఉండేవి. బొమ్మలు లేవు, మౌసు లేదు. దాన్ని డాస్ అనేవాళ్లు. మన నేతగాళ్ల ఇంటి పిల్లగాడే ఒకడు ఫాక్స్‌ప్రోల ప్రోగ్రాం రాసి ఇచ్చిండు. సభ్యుని నంబరు కొడితే చాలు, ఎన్ని చిలుపల నూలు తీసుకున్నడు, ఎన్ని చీరలు తెచ్చిండు, కూలి ఎంత, అందుల పొదుపుకు ఎంత పోయింది, అన్నీ తెర మీద కనపడేవి. ఆ పిల్లగాడు తర్వాత నౌకరి మీద దేశం దాటి పోయిండు గాని, ప్రోగ్రాం మాత్రం ఇరవై ఏడేండ్లు నడిచింది. ఏ మగ్గమైనా ఇరవై ఏడేండ్లు మరమ్మతు లేకుండ నడుస్తదా చెప్పండి.

మధ్యల కంప్యూటర్ పెట్టె మారింది, విండోస్ 98 వచ్చింది. అయినా ఆ ప్రోగ్రాం దాని లోపల నడిచేది. మేము దాన్ని ముట్టుకోలేదు. 2009ల నేనే కమిటీల తీర్మానం పెట్టించిన: రిబ్బన్ ఖర్చు, కాగితం ఖర్చు పెరుగుతున్నయి, కంప్యూటర్‌ల అన్నీ ఉన్నయి గనక ఇంక సభ్యులవారీ పొదుపు లెడ్జరు కాగితం మీద తీసే పని లేదని. అందరు చేతులెత్తిన్రు. ఏడాదికి రెండు వేలో మూడు వేలో మిగిలింది. నా తప్పు అదే.

2023 వానకాలంల ఆఫీసు కప్పు కారింది. తెల్లారి పెట్టె ఆన్ కాలేదు. కొత్త కంప్యూటర్ తెచ్చినం. పాత హార్డ్ డిస్క్ ఒక దుకాణానికి పట్టుకపోయినం. అతను ప్రోగ్రాం ఉన్న ఫోల్డరు మొత్తం కొత్తదాంట్లకు ఎక్కించిండు. నొక్కితే, ఈ ప్రోగ్రాం ఈ కంప్యూటర్ మీద నడవదు అని ఒక్క ముక్క వచ్చింది. అంతే. దుకాణం మనిషి అన్నడు, "సెక్రెటరీ సాబ్, అది చచ్చిపోయిన సాఫ్ట్‌వేర్. కొత్తది కొనండి. ఆడిట్ రిపోర్టుల ఉన్న మొత్తాన్ని ఓపెనింగ్ బ్యాలెన్స్ రాసుకొని మొదలుపెట్టండి."

వినడానికి మంచిగనే ఉన్నది. కానీ ఆడిట్ రిపోర్టుల పొదుపు మొత్తం ఒక్కటే అంకె. మూడు వందల మంది పైచిలుకు సభ్యులల్ల ఎవనిది ఎంత అనేది దాంట్ల లేదు. కమిటీ కూసున్నది. పాసు బుక్కు ఉన్నోళ్లకు దాని ప్రకారం రాద్దాం, లేనోళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్నరు. తర్వాత చూద్దాం అంటే ఏందో మనందరికి తెలుసు.

ఆ మాట బయటికి పొక్కింది. రెండో రోజు ఒక అక్క వచ్చింది. ఆమె ఇంటాయన మా సంఘానికి ముప్పై ఏండ్లు నేసిండు, కాలం చేసి నాలుగేండ్లు. పాసు బుక్కు వానకు నాని ముద్దయింది. ఆ ముద్దను ప్లాస్టిక్ సంచిల పెట్టుకొని వచ్చింది. "తమ్మీ, ఆ డబ్బాల ఆయన పేరు ఉన్నదా లేదా, అది చెప్పు చాలు" అన్నది. ఉన్నదక్కా అన్న. "మరి కనపడుతలేదంటున్నరు గదా" అన్నది. నేను ఏం చెప్పాలె?

ఇక్కడ జర ఆగి, ఎందుకు నడవలేదో నాకు అర్థమైన భాషల చెప్త.

మీలో జకార్డు మగ్గం వాళ్లు ఉన్నరు. 240 హుక్కుల జకార్డుకు కొట్టిన అట్టలు 120 హుక్కుల మిషను మీద వేస్తే నేత పడుతదా? డిజైను తప్పు కాదు, అట్ట చినగలేదు. కానీ ఆ రంధ్రాలు ఏ హుక్కుకు ఏం చెప్తున్నయో ఈ మిషనుకు తెల్వదు. ప్రోగ్రాం గూడ అట్లనే. డాస్ కోసం కొట్టిన అట్టలు డాస్‌కే అర్థమైతయి. పాత విండోస్‌ల డాస్ ప్రోగ్రాంలకు ఒక అర ఉండేది. 64 బిట్ల విండోస్ వచ్చినంక ఆ అర తీసేసిన్రు. ఇప్పటి విండోస్ 11 అయితే 64 బిట్లలనే వస్తది. కాబట్టి దుకాణం మనిషి నడవదన్నది అబద్ధం కాదు. చచ్చిపోయింది అన్నదే తప్పు.

మా సభ్యుల్ల ఒకాయన బిడ్డ డిప్లొమా చదువుతున్నది. నాయిన కూలికి వచ్చినప్పుడు వెంట వచ్చి మా గొడవ విన్నది. "కాకా, ఆ పాత డిస్క్ పారేసిన్రా?" అని అడిగింది. లేదు బిడ్డా, బీరువల ఉన్నది అన్న. "మంచిగైంది. దాన్ని ఎవ్వరికి ఇయ్యకు" అన్నది. మరునాడు తన ల్యాప్‌టాప్ తెచ్చింది. దాంట్ల విండోస్ లేదు, లినక్స్ ఉన్నది. నాకు ఇంక అనుమానం వచ్చింది. విండోస్‌లనే నడవనిది ఈ లినక్స్‌ల ఎట్ల నడుస్తది?

ఆ పిల్ల మొదటి రోజు ప్రోగ్రాం ముట్టనే లేదు. పాత డిస్క్‌ల ఉన్నదంత ఉన్నట్టు రెండు చోట్ల నకలు తీసింది. అసలు డిస్క్‌ను కవరుల పెట్టి, తేదీ రాసి, బీరువల పెట్టమన్నది. ఏం చేసినా నకలు మీదనే చేస్త అన్నది. నలభై ఏండ్ల నౌకరి చేసిన మాకు రాని బుద్ధి అది.

తర్వాత డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం వేసింది. ఉచితంగ దొరుకుతది, 2002 నుంచి ఉన్నది. దాన్ని చేసినవాళ్లు పాత డాస్ ఆటలు ఆడుకోవడానికి చేసిన్రు. అది ఏం చేస్తదంటే, కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్‌ను మొత్తం నటిస్తది. తెర, కీబోర్డు, గడియారం, అన్నీ పాతవాటి లెక్కనే. పెద్ద షెడ్డుల మూలకు ఒక పాత గుంట మగ్గం కట్టుకున్నట్టు. నేసేటోనికి షెడ్డు కొత్తదని తెల్వనే తెల్వదు. ఒక ఫోల్డరు చూపించి, నీకు సీ డ్రైవ్ ఇదే అని దానికి చెప్పాలె, అంతే పని.

నొక్కింది. ప్రోగ్రాం లేచింది, మా సంఘం పేరు కనపడ్డది, వెంటనే పడిపోయింది. సున్నతో భాగించిన తప్పు అని చూపించింది. నా గుండె గూడ దాంతో పాటే పడ్డది. ఆ పిల్ల నవ్వి, "కాకా, ఇది మరీ వేగంగ ఉరుకుతున్నది, అందుకే పడుతున్నది" అన్నది. ఫాక్స్‌ప్రో లేవంగనే కంప్యూటర్ వేగం ఎంతో కొలుచుకుంటదట. అప్పటి యంత్రాలు నిదానం. ఇప్పటి వేగానికి ఆ కొలత సున్న అయిపోతది, దాంతోని భాగిస్తే తప్పు వస్తది. పవర్‌లూం వేగంతోని చేతిమగ్గం పడుగు నేస్తే పోగులు తెగవా, అదే కథ. డాస్‌బాక్స్‌ల కంట్రోల్, ఎఫ్ 11 మీటలు కలిపి నొక్కితే వేగం తగ్గుతది. నాలుగైదు సార్లు తగ్గించింది. మళ్ల నొక్కింది.

నల్ల తెర వచ్చింది. నంబరు అడిగింది. నేను ఒక్క వేలుతోని ఆ అక్క ఇంటాయన నంబరు కొట్టిన. పేరు వచ్చింది. కింద వరుసలు వరుసలు. ఆయన చివర తెచ్చిన చీరల లెక్క గూడ ఉన్నది. పొదుపు 9,870 రూపాయలు. ఆ రోజు సాయంత్రం నేనే ఆమె ఇంటికి పోయి చెప్పొచ్చిన.

ప్రింటు మాత్రం రాలేదు. పాత ప్రోగ్రాం వెనక తీగ గుచ్చే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకే పంపుత అంటది, మామూలు డాస్‌బాక్స్‌ల ఆ దారి లేదు. అదృష్టం బాగుండి, రాసిన పిల్లగాడు ప్రింటరుకా, ఫైలుకా అని అడిగే వరుస ఒకటి పెట్టిండు. ఫైలుకు పంపి, ఆ ఫైలును లినక్స్ నుంచి ప్రింటు తీసినం. మూడు వందల పైచిలుకు సభ్యులకు ఒక్కొక్కరికి ఒక కాగితం. 2009ల నేను మిగిలిచ్చిన కాగితమంత ఆ రెండు రోజుల్ల ఖర్చయింది.

కథ ఇక్కడ అయిపోయిందనుకున్నం. ఆ పిల్ల ఊకోలేదు. ప్రోగ్రాం వేరు, లెక్కలు వేరు అన్నది. లెక్కలు డీబీఎఫ్ అనే ఫైళ్లల్ల ఉంటయి, వాటిని ప్రోగ్రాం లేకుండనే లిబ్రె ఆఫీస్‌ల తెరవొచ్చు, అది గూడ ఉచితమే అన్నది. తెరిచింది. ఎక్సెల్ లెక్కనే గడులు గడులుగ వచ్చినయి. తేదీల వరుసల పేర్చింది. అన్నిటికంటె పైన వచ్చిన తేదీలు చూసి ఇద్దరం నోరు తెరిచినం. 1900 సంవత్సరం, 1901, 1902, 1903. మా సంఘంల అప్పటికి పుట్టినోడు ఒక్కడు లేడు గాని, పొదుపు మాత్రం వేసిన్రు!

అవి దీపావళి బోనసు పద్దులు. అప్పట్ల బోనసుల సగం పొదుపులకు వేసేది. సంవత్సరాన్ని రెండంకెలల్ల కొట్టే కాలం. 2000 రాంగనే 00 అని కొడితే ప్రోగ్రాం దాన్ని 1900 అనుకున్నది. కూలి తెరల ఈ తప్పు అప్పుడే పట్టుకొని ఆ పిల్లగాడితోని సరిచేయించినం. ఏడాదికి ఒక్కసారి తెరిచే బోనసు తెర ఎవరికి యాది రాలేదు. నాలుగు దీపావళ్లు అట్లనే పోయినయి, తర్వాత బోనసే ఆగిపోయింది. ప్రోగ్రాం ఎప్పుడు తీసినా ఈ తేదీ నుంచి ఆ తేదీ దాక అని అడిగి తీస్తది గనక ఆ వరుసలు ఎన్నడు కనపడలేదు. సభ్యుల లెక్కల్ల కలవలేదు.

ఆడిటర్లు మాత్రం ప్రతి ఏడాది అడిగేటోళ్లు. సభ్యుల పొదుపు కూడితే ఒక అంకె, నగదు పుస్తకంల ఇంకో అంకె, తేడా ఎందుకని. మేము ఏం చెప్పలేక సస్పెన్స్ ఖాతా కింద 46,205 రూపాయలు రాసి, ఇరవై ఏండ్లు మోసినం. నా మీద అనుమానం వడ్డ కమిటీలు గూడ ఉన్నయి, ఇప్పుడు చెప్తే తప్పేముంది. ఆ 1900 నాటి వరుసలన్ని కూడితే 46,180 వచ్చినయి.

ఈ సంగతి మీకు ఎందుకు ఇంత విడమరిచి చెప్తున్ననంటే, డాస్‌బాక్స్ పాత ప్రోగ్రాంను ఉన్నదున్నట్టు నడిపింది. దాని తప్పుతోని సహ నడిపింది. కాబట్టి పాతది నడిచిందని సంతోషపడి ఆగొద్దు, లోపల ఉన్న లెక్కలను గూడ బయటికి తీసి వేరేగ చూడాలె.

డబ్బు పంచడం అంత సులువు కాలేదు. అసలు 130 మందికి పైగ సభ్యులది. అది సస్పెన్స్‌ల ఉన్నది, ఇచ్చేయొచ్చు. ఇన్నేండ్ల వడ్డీ ఎవరియ్యాలె? ఒక డైరెక్టరు అన్నడు, ఎవ్వరు అడగనిది మనం ఎందుకు తవ్వుకోవాలె అని. సర్వసభ్య సమావేశంల మూడు గంటలు కొట్లాడినం. చివరకు మిగతా పొదుపుకు ఏ వడ్డీ ఇచ్చినమో అదే ఇయ్యాలని తీర్మానం అయింది. చనిపోయినోళ్ల వారసుల్ని వెతికినం. కొందరు భివండిల, కొందరు సూరత్‌ల దొరికిన్రు. తొమ్మిది మందివి ఇంకా దొరకలేదు, వాళ్ల పేర్లు మా నోటీసు బోర్డు మీద ఉన్నయి. ఆ అక్కకు నాలుగు దీపావళ్లవి కలిపి అసలు 350 రూపాయలు, వడ్డీ వేరే. ఆమె ఆ 350 రూపాయల చీటీని దేవుని పటం దగ్గర పెట్టింది. ఎందుకు అక్కా అంటే ఏం చెప్పలేదు.

ఇంక విండోస్ సంగతి. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మామూలుగ వచ్చే ఉచిత భద్రతా మరమ్మతులు ఆగిపోయినయి. మన సంఘాలల్ల ఉన్న చాన కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరావు, దానికి కావలసిన భద్రత చిప్పు, కొత్త రకం ప్రాసెసరు వాటిల్ల లేవు. పెట్టె మంచిగనే ఉంటది, పారెయ్యబుద్ధి కాదు. అట్లాంటి దాంట్ల మేము లినక్స్ వేసుకున్నం. బ్రౌజర్‌ల చేసే పని ఏదైనా అట్లనే నడుస్తున్నది. కానీ విండోస్ కోసం చేసిన ప్రోగ్రాంలు ఏం చెయ్యాలె?

దానికి వైన్ అని ఒకటున్నది. నవ్వకండి, తాగేది కాదు. వైన్ అంటే ఎమ్యులేటర్ కాదు అని ఆ పేరులనే చెప్పుకున్నరు. అంటే డాస్‌బాక్స్ లెక్క పాత పెట్టెను మొత్తం నటించదు. ఇది దుబాసీ పని చేస్తది. మా సోలాపూర్‌ల మరాఠీ, తెలుగు, కన్నడ, ఉర్దూ నాలుగు నడుస్తయి. తెలుగు తప్ప ఏది రాని మన అవ్వ బ్యాంకుకు పోతే, పక్కన మనమడు నిలబడి ఆమె అన్నది మరాఠీల చెప్తడు, వాళ్లన్నది తెలుగుల చెప్తడు. విండోస్ ప్రోగ్రాం "నాకు ఒక కిటికీ తెరువు, ఈ ఫైలు ఇయ్యి" అని విండోస్ భాషల అడుగుతది, వైన్ ఆ మాటను లినక్స్‌కు దాని భాషల చెప్పి పని చేయించుకొస్తది. మనమనికి రాని మాట అవ్వ అంటే మాత్రం పని ఆగుతది.

ఆ మాటలన్ని నేర్చుకోవడానికి వాళ్లకు ఎంత కాలం పట్టిందో చూడండి. 1993ల మొదలు పెట్టిన్రు. మొదటి పూర్తి వెర్షన్, 1.0 అనేది, 2008ల వచ్చింది. పదిహేనేండ్లు. అలెగ్జాండర్ జూలియార్డ్ అనే ఆయన 1994 నుంచి ఆ పని ముందుండి నడిపిస్తున్నడు. ఆయనకు జీతమిచ్చి ఈ పని చేయించే కంపెనీ అమెరికాల మినెసోటా రాష్ట్రంల ఉన్నది. దాని పేరు కోడ్‌వీవర్స్. కోడ్ నేసేటోళ్లు అని అర్థం. ఆ పిల్ల ఈ మాట చెప్పినప్పుడు, మన కులపోళ్లు అక్కడ గూడ ఉన్నరా అన్న.

మేము వైన్‌ల మా డిజైను గ్రాఫు ప్రోగ్రాం వేసి చూసినం. తెరుచుకున్నది, గీతలు గీసింది. కానీ దానికి ఒక డాంగిల్ ఉంటది, పెన్ డ్రైవ్ లెక్క వెనక గుచ్చే తాళం. అది గుచ్చితేనే డిజైను సేవ్ అయితది. వైన్‌ల ఆ తాళం గుర్తుపట్టలేదు. ఇట్లాంటి తాళాలు కంప్యూటర్ లోతుల డ్రైవరుతోని పని చేస్తయి, అక్కడి దాక దుబాసీ పోలేడు. రెండు నెలలు తిప్పలు పడి వదిలేసినం. ఆ ఒక్క పనికి పాత విండోస్ పెట్టె ఉంచుకున్నం, దానికి ఇంటర్‌నెట్ తీగ తీసేసినం. డిజైను పెన్ డ్రైవ్‌ల తెస్తం, పోతం. సిగ్గేం లేదు, పని నడుస్తున్నది.

మూడో దారి ఒకటున్నది. లినక్స్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి తయారు చేసి దాంట్ల నిజం విండోస్‌నే ఎక్కించడం. అది చాన మటుకు అన్నీ నడుపుతది, కానీ విండోస్ లైసెన్సు కావాలె, మెమరీ ఎక్కువ కావాలె. మా పాత పెట్టె మోయలేదు.

మీరు ఇంటికి పోయినంక ఒక్క పని చెయ్యండి. మీ సంఘం లెక్కల ప్రోగ్రాం ఏ పెట్టెల నడుస్తున్నదో ఆ పెట్టె ఇయ్యాళ రాత్రి ఆగిపోయిందనుకొని చూడండి. సభ్యుల పొదుపు కాగితం మీద ఎక్కడన్న ఉన్నదా? నకలు ఉన్నదా? ఆ నకలును వేరే కంప్యూటర్‌ల ఎన్నడన్న తెరిచి చూసిన్రా? మేము ఇప్పుడు లెక్కలను కొత్త దాంట్ల రాస్తున్నం, డాస్‌బాక్స్‌ల పాతవి చూసుకుంటం అంతే, కొత్త పద్దు ఒక్కటి గూడ దాంట్ల వెయ్యం. ఆటల కోసం చేసినదాంట్ల మంది పైసలు రాయొద్దని ఆ పిల్లే గట్టిగ చెప్పింది. మార్చి ఆఖరుకు సభ్యునికొక కాగితం తీసి సంతకం తీసుకుంటున్నం.

ఎవరి దగ్గరనన్న పాత డిస్కులు ఉంటే పాత సామానోనికి వెయ్యకండి. భోజనాల తర్వాత ఆ పిల్ల, నేను కింద మెట్ల పక్క గదిల ఉంటం. వెడల్పు పట్టీ తీగ ఉన్న పాత డిస్కులను గుచ్చే కేబుల్ గూడ తెచ్చినం.

లెక్క తెలిసినోళ్లు ఇందాకనే వేళ్ల మీద కూడుకొని ఉంటరు. 46,205ల నుంచి 46,180 పోతే ఇంక 25 రూపాయలు. అవి ఎవరివో మాకు ఇంకా దొరకలేదు. సస్పెన్స్ ఖాతాలనే ఉన్నయి.